మినిట్స్ పుస్తకం

మార్కాపురంలో భాద్రపదం ఎండకు కాగిన పలకరాయి మీద
మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం.
మా బడి అరుగులన్నీ ఆ రాయే.
పిల్లలు గంతులేసుకుంటా దాటతారు.

కమిటీ గదిలో ఫ్యాను తిరగట్లా.
కరస్పాండెంటు నాగభూషణం గారు
సర్కారు కాగితం నా ముందుకి తోశారు:
"గుమాస్తా, నువ్వు చదువు. అద్దాలు ఇంట్లో మర్చిపోయినా."
అద్దాలు ఆయన జేబులోనే ఉన్నాయి.

చదివాను.
ఎయిడెడ్ పాఠశాలల యాజమాన్యాలు తమ సమ్మతి తెలుపవలెను.
ఒకటో గడి: సిబ్బందినీ, ఆస్తినీ, అన్నిటినీ అప్పగించుట.
రెండో గడి: సిబ్బందిని మాత్రం అప్పగించి
బడిని సొంతంగా నడుపుకొనుట, ఫీజులతో.
మూడో గడి ఉంది గానీ
జిరాక్సులో సరిగా పడలా.

"కంభం రోడ్డు పక్క నలభై సెంట్లు" అన్నారెవరో.
ధర ఎవరూ పలకలేదు.
అందరూ ఒకేసారి టీ తాగారు.

సునందమ్మ టీచర్ తలుపు దగ్గరే నిలబడింది.
ఇరవై రెండేళ్ళుగా మూడో తరగతి.
సిబ్బంది అంటే ఆమె.
యర్రగొండపాలెం పంపినా పోతానంది,
జీతం పోదు కదా అని నవ్వింది.
నవ్వుతూనే అడిగింది:
"నా వెనక క్లాసులో ఉన్న నలభై ఒక్కమందిది
ఏ గడి సార్?"

వరండాలో గాలెమ్మ కూర్చోనుంది.
పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే మనిషి,
గోళ్ళ సందున బూడిదరంగు దుమ్ము.
కొడుక్కి టీసీ తీసుకోమన్నారని ఎవరో చెబితే వచ్చింది.
"బడి మారతాదా సార్, మేం మారాలా?"
నాకు జవాబు రాలా.
మంచినీళ్ళు తాగుతావా అన్నాను.

లోపల ఖాదర్ మస్తాన్ సాయిబు, అందరికన్నా పెద్దాయన,
కర్ర నేల మీద రెండుసార్లు తట్టాడు:
"మొదటి పుస్తకం తియ్యి అబ్బాయ్."

తీశాను. చెదలు అట్టను తిన్నాయి, లోపల బాగుంది.
అప్పుడు మనది కర్నూలు జిల్లా.
రైలెక్కే ప్రతి పలకల కట్టకీ అర్ధణా, బడి మగమ.
షావుకార్ల సంతకాలు తొమ్మిది, గొలుసుకట్టు రాతలో.
పేజీ తిప్పితే,
"గని కూలీలు, వారానికి తలకి కాణీ."
కింద వేలిముద్రలు.
ఒక్కోదాని పక్కన పేరు.

"చదువు" అన్నాడు సాయిబు.
చదివాను.
బొగ్గరపు చెంచయ్య. దూదేకుల పెంటమ్మ. పెద మాలకొండడు.
కుంటి రాఘవులు. ఇంకో రాఘవులు.
పేరు చెప్పని బోయ ఆడమనిషి, ఒకతె.
ఎవరూ ఆపలా.
టీ గ్లాసుల మీద ఈగలు వాలాయి.
నూట పన్నెండు పేర్లకు నా గొంతెండింది.
అరవైయ్యో ఏదో పేరు దగ్గర
వరండాలోంచి గాలెమ్మ అంది, మెల్లగా:
"అది మా జేజెబ్బ."

అప్పుడు నాగభూషణం గారు
జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నారు.
పుస్తకం దగ్గరికి లాక్కుని
ఒక వేలిముద్ర మీద తన వేలు ఆనించి చూశారు.
సరిపోలేదు. ఆయన వేలు సన్నం.

చాలాసేపటికి పెన్ను మూత తీశారు.
రెండో గడిలోనే టిక్కు పెట్టారు.

నా రాత గుండ్రంగా ఉంటుందని
ఈ ఉద్యోగం ఇచ్చారు.
"ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాయడం
నాకు నిద్రలోనూ వచ్చు.
ఆ రోజు "ఏక" దాకా వచ్చి కొట్టేశాను.
సాయిబు సంతకం చెయ్యలా, అది రాశాను.
పైన, హాజరు దగ్గర:
సభ్యులు ఏడుగురు.
వేలిముద్రలు నూట పన్నెండు.

ఆడిట్ వాళ్ళు రెండుసార్లొచ్చి పోయారు.
ఆ లైను దగ్గర ఆగుతారు,
నా మొహం చూస్తారు,
పేజీ తిప్పుతారు.